అలిగిన ట్రాకులు

నేను చేసే పాటల మీద మా బావకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఆ పాటలను నేను కంప్యూటర్‌లో సర్దుకునే తీరు చూస్తేనే ఆయన గొణుగుడు మొదలవుతుంది.

నేను ఎల్లారెడ్డిలో మా ముందుగదిలో కూర్చుని డీజే పాటలు చేస్తాను. బావ అంటే మా మేనమామ కొడుకు. కామారెడ్డిలో ఒక ఎరువుల దుకాణం మీది గదిలో మంచి స్పీకర్లు పెట్టుకుని, నేను పంపినవాటిని సాపు చేస్తాడు. నేను వండితే ఆయన ఉప్పు చూస్తాడన్నమాట. ఆయన బేస్ పెంచినప్పుడల్లా కింద యూరియా బస్తాలు కదులుతున్నాయని దుకాణదారు గోల. వాటంతట అవే కదిలితే హమాలీ ఖర్చు కలిసొస్తుంది కదా అని ఒకసారి అన్నాను. అప్పటినుంచి నేను మెట్లెక్కుతుంటే దుకాణదారు అటు తిరిగి కూర్చుంటాడు.

వినేవాళ్లకు పాట అంటే ఒక్క పాట. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే అదొక పెళ్లిల్లు. డప్పు ఒక ట్రాక్, బేస్ ఒక ట్రాక్, చప్పట్లు ఇంకొకటి, గొంతుకు మళ్లీ నాలుగైదు. ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోతే స్క్రీను చాలదు. మనం పేర్లు పెట్టకపోతే సాఫ్ట్‌వేరే ఆడియో ఒకటి, ఆడియో రెండు అని జైల్లో ఖైదీలకు ఇచ్చినట్టు నంబర్లు ఇస్తుంది. నాకు నంబర్లు గుర్తుండవు. మా లెక్కల సారు ఈ సంగతి పదో తరగతికి ముందే కనిపెట్టాడు. అందుకని నేను చుట్టాల పేర్లు పెడతాను.

కిక్ డ్రమ్ పేరు 'తాత'. ఆయన అడుగు ఎట్లా పడితే ఇల్లంతా అట్లా నడవాలి. బేస్ పేరు 'మామ'. మాట వినపడదు, గురక పెడితే మాత్రం కిటికీలు అదురుతాయి. ఆగకుండా టిక్కుటిక్కుమనే దాని పేరు 'చిన్నత్త'. కారణం చెప్పను, దసరాకు ఆ ఇంట్లో భోజనం ఉంటుంది. వెనక ఎక్కడో సన్నగా హోరుమనేది 'పక్కింటవ్వ'. ఆమెను ఎవరూ పిలవరు, ఆమె రాకపోతే మాత్రం ఇల్లు బోసిపోతుంది.

అన్నిటికన్నా కింద ఒక ఫోల్డర్ ఉంటుంది. దాని పేరు 'అలిగినోళ్లు'. మ్యూట్ బటన్ నొక్కి నోరు మూయించిన ట్రాకులన్నీ అందులో ఉంటాయి. ప్రతి పెళ్లిలో అలిగిన చుట్టం ఒకడుంటాడు కదా. మూల కుర్చీలో మొహం తిప్పుకుని కూర్చుంటాడు, ఒక్క మాట మాట్లాడడు. అట్లాగని బయటికి పంపలేం, సంతకానికో తలంబ్రాలకో మళ్లీ అతనే కావాలి. నా మ్యూట్ ట్రాకులూ అంతే. ఇప్పుడు అక్కర్లేదు, ఎప్పుడు అక్కరకొస్తాయో తెలియదు.

బావ పద్ధతి వేరు. పైన డ్రమ్ములు ఎర్రగా, వాటి కింద బేస్ నీలంగా, గొంతులు పచ్చగా ఉండాలి. ప్రతి దానికీ ఇంటి నంబరులా ఒక పేరు. వాడనిది ఒక్కటీ కనపడొద్దు. గది బయట చెప్పుల్ని కూడా ఆయన గోడకు ముక్కులు తగిలేలా పెడతాడు.

"ఏందిరా ఇది? ప్రాజెక్టా, అంగడా? చిన్నత్త ఏడున్నదో నేనెట్ల ఎతకాలె?"

"వంటింట్ల సూడు బావా."

"నగకు. రేపు ఇంకోడు తెరిస్తె వానికేం సమజైతది?"

"మన చుట్టరికం సమజైతది."

ఇట్లా మా వ్యాపారం పచ్చగా సాగుతుండగా, పోయిన ఎండాకాలం లింగంపేట నుంచి మా పెద్దమ్మ బస్సు దిగింది. ఒక చేతిలో సంచి, చంకలో బీడీల చాట. పెద్దమ్మ ఊరికి పోయినా చాటను వదలదు. కొందరు ఫోను ఛార్జర్ మోసినట్టు ఆమె చాటను మోస్తుంది.

"కొడుకా, నీ డబ్బ మీద నాకో పాట చెయ్యాలె" అన్నది, ఇంకా మంచినీళ్లు తాగకుండానే.

సంగతి ఏమిటంటే, పెద్దమ్మ కొడుకుకు, అంటే మా అన్నకు, మహమ్మద్‌నగర్ పిల్లతో పెళ్లి కుదిరింది. మా దిక్కు వియ్యపురాండ్లు భోజనాల దగ్గర ఒకరి మీద ఒకరు పాటలు కడతారు. వాళ్లు ఒకటి పాడితే వీళ్లు అక్కడికక్కడ ఒకటి పాడాలి. నలుగురిలో పడ్డ పాటకు నలుగురిలోనే జవాబు పడాలి. నిశ్చితార్థం రోజు పిల్ల తల్లి భోజనాల బంతి మధ్యలో లేచి ఇది అందుకుంది:

లింగంపేట వదినె పోసిన చాయ
నిజాంసాగర్ నీళ్లకన్న పల్చన
చక్కెర ఏదని అడిగితె వదినె
దుకాణం దిక్కు ఏలు సూపిచ్చె

అంతకుముందు వాళ్లు ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు పెద్దమ్మ పోసిన చాయ మీద ఇది. జవాబు చెప్పాల్సిన సమయానికి పెద్దమ్మ నోట్లో పెద్ద లడ్డు ఉంది. దాన్ని మింగేసరికి అందరూ ఫొటోలకు నిలబడ్డారు. లడ్డు వల్ల ఓడిపోయిన వీరులు చరిత్రలో ఎవరున్నారో నాకు తెలియదు. పెద్దమ్మ మాత్రం ఆ రోజు నుంచి నిద్రపోలేదట. లింగంపేటలో ఆమెతో కూర్చుని బీడీలు చేసే ఆడవాళ్లు, చాయ గిలాస చేతికి రాగానే చిన్నగా ఆ పాట కూనిరాగం తీస్తున్నారట.

"నా ఇజ్జత్ చాయల కలిసింది బిడ్డా."

"చిక్కటి చాయలనా, పల్చటి దాంట్లనా?"

బీడీలు చుట్టే తునికాకు కట్ట నా వీపు మీద పడింది. నేను మైకు తెచ్చాను.

ముందుగదిలో గోడలకు బొంతలు వేలాడదీసి, సప్పుడు రాకుండా ఫ్యాన్ ఆపేశాను. ఎండాకాలం, బొంతలు, ఫ్యాన్ లేదు. "పాట కోసం పిలిచినవా, పానం తీసెటందుకు పిలిచినవా?" అంటూనే ఆమె మొదలుపెట్టింది. గొంతు బాగుంది కానీ తాళం ఒకచోట నిలవదు. ఒక మాట ముందుకు దూకుతుంది, ఒక మాట వెనకబడుతుంది. రెండు మూడుసార్లు చూసి ఆమే కారణం చెప్పింది.

"చేతులు ఖాళీగుంటె నాకు పాట రాదు కొడుకా."

చాట ఒళ్లో పెట్టుకుంది. ఆకు కత్తిరించడం మొదలుపెట్టగానే పాట గాడిలో పడింది. కత్తెర కసక్కుమన్న చోటల్లా తాళం సరిగ్గా వచ్చి కూర్చుంది. సాఫ్ట్‌వేర్‌లో తాళం గీతలు పెట్టి చూస్తే కత్తెర గీత మీదే పడుతోంది. నా డ్రమ్ములే కాస్త పక్కకు జరుగుతున్నాయి. సరే అని కత్తెర సప్పుడును కూడా పాటలో ఉంచేశాను.

ఆమె కట్టిన జవాబు ఇది. పెళ్లికొడుకు తరఫువాళ్లు మహమ్మద్‌నగర్ వెళ్లినప్పుడు పెట్టిన యాట కూరలో బొక్క, అంటే ఎముక, దొరకకపోవడం గురించి:

మామ్మద్‌నగర్ల మా ఇయ్యపురాలు
మటన్ కూర వండె మస్తుగ వండె
బొక్క కోసమని లోపల దిగిన గంటె
అలిసిపోయి గట్టు మీద కూసుండె

పాడటం అయ్యాక కట్టుబాట్లు మొదలయ్యాయి.

"పెండ్లి బంతి దాక ఇది ఎవ్వల చెవుల పడొద్దు. నా కొడుకు చెవుల అసలే పడొద్దు. పెండ్లిల లొల్లి పెట్టుకుంటె నేను పీటల మీదికెల్లి లేస్తనన్నడు వాడు."

మా ముందుగదికి పెళ్లి పాటలు వింటామని చుట్టాలు వచ్చిపోతూనే ఉంటారు. అందుకని ఆ గొంతు ట్రాకును మ్యూట్ చేసి 'అలిగినోళ్లు' ఫోల్డర్‌లో దాచాను. ఎవరొచ్చినా వాళ్లకు తాత, మామ, చిన్నత్త మాత్రమే వినపడతారు. పోయేముందు పెద్దమ్మ తన ఫోన్లో ఒక కాపీ వేయించుకుంది. తన పాట తాళంతో ఎట్లుందో విని సంబురపడటానికట. గుట్టు విషయంలో మళ్లీ నాతోనే ఒట్టు పెట్టించుకుంది.

నా కంప్యూటర్‌లో చోటు ఎప్పుడూ ఉండదు. కాబట్టి ప్రాజెక్టు మొత్తాన్ని కట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేసి, కామారెడ్డి బస్సెక్కి బావ చేతిలో పెట్టి వచ్చాను. కింది ఫోల్డర్ జాగ్రత్త అని ఆయనకు చెప్పాను. చెప్పలేదని ఆయన అంటాడు. ఈ విషయంలో మా ఇద్దరి వాంగ్మూలాలు ఇప్పటికీ వేరు.

పెళ్లి దగ్గరపడ్డాక, పూర్తయిన పాట వినడానికి కామారెడ్డి వెళ్లాను. బావ మొహం వెలిగిపోతోంది. స్క్రీను మీద ఎర్ర గడి, నీలం గడి, పచ్చ గడి. రంగు డబ్బాల దుకాణం ముందు నిలబడ్డట్టుంది.

"సూడు. ప్రాజెక్టంటె గిట్లుండాలె. ఇల్లు ఖాళీ చేసి, ఊడ్చి, తాళంచెవి చేతుల పెట్టినట్టు."

పాట మొదలైంది. తాత నడిచాడు, మామ గురక పెట్టాడు. కింద బస్తాలు వాటి పని అవి చేసుకున్నాయి. గొంతు రావాల్సిన చోట గొంతు రాలేదు.

"బావా, పెద్దమ్మ ఏది?"

"లింగంపేటల ఉంటది గదా."

"పాటల ఏది?"

"పాటల యాడున్నది? నేను ఒట్టి మ్యూజిక్కే అనుకున్న."

"కింద అలిగినోళ్లని ఒక ఫోల్డర్ ఉండె."

"గా ఫోల్డరా? అన్ని మ్యూటే ఉన్నయిరా దాంట్ల. చెత్త అనుకొని తీసేసిన. వాడని ఫైళ్లు తీసెయ్యాల్నా అని సాఫ్ట్‌వేర్ అడిగింది, అవునన్న."

"నువ్వు అవునన్నవా?"

"మర్యాదగ అడిగింది మరి."

చెత్తబుట్ట వెతికాం. బావ చెత్తబుట్టను కూడా ఊడ్చి పెట్టుకునే మనిషి. పెన్‌డ్రైవ్ చూశాం. దాన్ని ఆయన శుభ్రంగా చెరిపి, ఎవరివో బోనాల పాటలు వేసి ఉంచాడు. నా దగ్గర కాపీ లేదు. బ్యాకప్ అంటే కరెంటు పోయినప్పుడు మోగే డబ్బా అనుకునే వంశం మాది.

మళ్లీ పాడిద్దామని ఇద్దరం బండి మీద లింగంపేట వెళ్లాం. పసుపు దంచే రోజు పొద్దంతా పాటలు పాడిన పెద్దమ్మ గొంతు, కోన్ చిరిగిన స్పీకర్ లాగా ఉంది. మాట వస్తోంది, వెంట గాలి ఎక్కువ వస్తోంది. బావ జరిగింది చెప్పాడు. చెప్పేటప్పుడు ఎర్ర గడులూ పచ్చ గడులూ వివరించబోయాడు. నేను కాలు తొక్కాను.

పెద్దమ్మ తిట్టలేదు. దానికే భయమేసింది. చేతిలో కత్తెర ఆగిపోయింది. నా ఎరుకలో ఆమె మెలకువగా ఉండగా ఆ చేతులు ఆగడం అదే మొదటిసారి.

"మల్ల నేను బంతిల నోరు మూసుకొని కూసోవాల్నా?" అన్నది ఆ చిరిగిన గొంతుతో.

దానికి ఒక జోకు నా నాలుక చివరిదాకా వచ్చి, పరిస్థితి చూసి వెనక్కి పోయింది.

"అత్తా, నీ ఫోన్ల ఒకటేసిండట గదా వీడు" అన్నాడు బావ.

పెద్దమ్మ ఆకుల వైపు చూసింది, గోడ వైపు చూసింది. "అది తీసేసిన. నా కొడుకు ఫోను తీసుకుంటడని."

"అయ్యో. ఇంకెవ్వలకన్న పంపినవా?"

"ఎవ్వలకు పంపలే." చాటలో ఆకు ఒకటి తిరగేసి, "ఒక్కలకే" అన్నది.

"ఎవ్వలకు?"

"ఇయ్యపురాలికి."

బావ అడగబోయేలోపే నేను ఆయన తరఫున కూడా అడిగాను. "పెద్దమ్మా, నాతోని ఒట్టేయించుకుంటివి. ఎవ్వలను తిట్టినవో వాళ్లకే పంపినవా?"

"ఆపుకొన వశం గాలేదురా! ఎంతకని ఆపుకోవాలె? పంపిన. రెండు నీలం గీతలు వడ్డయి. మల్ల సప్పుడు లేదు. సల్లవడ్డదనుకున్న."

"మరి జవాబు చెప్పినట్టే గదా అత్తా?" బావ ఆశగా అన్నాడు.

"ఫోన్ల చెప్తె జవాబైతదా అల్లుడా? ఆమె నన్ను నలుగుర్ల అన్నది. ఆమె ఒక్కతి ఇంటె నాకేమొస్తది?"

ప్రపంచంలో ఆ పాట మిగిలిన చోటు ఒకే ఒక్కటి. దాన్ని అడుక్కోవడానికి మేమిద్దరం నిజాంసాగర్ రోడ్డు పట్టాం. మిమ్మల్ని తిట్టిన పాట మా దగ్గర పోయింది, మీ దగ్గరుంటే ఇస్తారా అని ఎట్లా అడగాలో దారంతా బావ రకరకాలుగా ప్రాక్టీసు చేశాడు. ప్రతిసారీ మొదటిదానికన్నా అధ్వానంగా వచ్చింది.

అంత కష్టం అక్కర్లేకపోయింది. మహమ్మద్‌నగర్‌లో వాళ్ల వాకిట్లో బండి ఆపేసరికి లోపల నుంచి గంటె అలిసిపోయిన పాట వినపడుతోంది. వియ్యపురాలు ఫోను అరుగు మీద పెట్టుకుని బియ్యం చెరుగుతూ వింటోంది.

"రా అల్లుడా, రా. ఇది నువ్వే చేసినవట గదా? కూసోండ్రి, చాయ తాగుండ్రి" అన్నది నాతో. వచ్చిన చాయలో చెంచా వేస్తే నిలబడేట్టుంది. మహమ్మద్‌నగర్ బర్రెలన్నీ ఆ గిలాసలోకే పితికారేమో.

"పల్చగున్నదా?"

"లేదత్తమ్మా. నములుతున్న."

విషయం చెప్పాం. ఆమె చాలాసేపు నవ్వింది. "దాన్ని మా ఇంట్ల అందరు పాడుతున్నరు. మా ఆయనైతె కూర వడ్డించినప్పుడల్ల గంటె దిక్కు జూస్తుండు. ఇస్త. గని ఒట్టిగ ఇయ్య."

బావ చాయ గిలాస కింద పెట్టాడు. "ఏం గావాలె?"

"నా జవాబు గూడ దాంట్ల ఎక్కాలె. పాట కట్టి పెట్టుకున్న, అందుకే ఆ పాట రాంగనే జవాబియ్యకుండ ఊకున్న. ఇది మా వదినెకు తెల్వొద్దు."

మళ్లీ గుట్టు. ఈ పెళ్లిలో నేను మోసిన గుట్లకు ట్రాక్టర్ కిరాయికి తీసుకోవాల్సింది. వడ్ల బస్తాలు పేర్చిన గదిలో ఆమెను కూర్చోబెట్టి బావ ఫోన్లో రికార్డు చేశాడు. బస్తాల మధ్య గొంతు ఎంత శుభ్రంగా వచ్చిందంటే, ఆయన అప్పటికప్పుడే తన గది కింది యూరియా బస్తాల మీద గౌరవం పెంచుకున్నాడు.

కామారెడ్డి వచ్చాక ఆయనకు అసలు కష్టం మొదలైంది. వియ్యపురాలి ఫోన్ నుంచి తెచ్చిన కాపీలో పెద్దమ్మ గొంతు, నా డ్రమ్ములు, కత్తెర అన్నీ ఒకే ముద్ద. విడదీయడానికి లేదు.

"కుండల కూసోని పాడినట్టున్నదిరా. నా పేరు పాడైతది."

"నీ పేరు ఎవ్వలకు తెల్సు బావా?"

ఆయన ఎంత తోమినా ఆ ముద్ద తెల్లబడలేదు. చివరికి ఆయనే ఒక ఉపాయం చేశాడు. ఆ నాలుగు లైన్లు వచ్చేటప్పుడు మిగతా ట్రాకులన్నీ ఆపేశాడు. పెద్ద మోత ఒక్కసారిగా ఆగి, దూరం నుంచి పాత రేడియోలో వచ్చినట్టు పెద్దమ్మ గొంతు, ఆ కత్తెర మాత్రమే వినపడతాయి. తర్వాత తాత మళ్లీ అడుగేస్తాడు. వినగానే ఇద్దరం ఒకేసారి తలూపాం. మేం ఒకే మాట మీద ఉండటం అరుదు కాబట్టి బాగుందనే అర్థం. ఆ ప్రాజెక్టును ఆయన తన కంప్యూటర్‌లో, నా ఫోన్లో, రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టాడు. రంగులు వేశాడు కానీ తాత, మామ పేర్లు అట్లాగే ఉంచాడు. మార్చొద్దని నేను అడగలేదు, మార్చలేదని ఆయన చెప్పలేదు.

పెళ్లి ఎల్లారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. తలంబ్రాలు అయిపోయాయి, మధ్యాహ్నం బంతులు కూర్చున్నాయి. వియ్యపురాండ్లు ఎదురెదురు వరసల్లో ఉన్నారు. పెద్దమ్మ నావైపు చూసి తలూపింది. ఆమె గొంతు ఇంకా రాలేదు. కాబట్టి ఈ హాల్లో ఆమెకున్న నోరు ఆ పెన్‌డ్రైవ్ ఒక్కటే. ప్లే నొక్కాను.

మోత ఆగి, రేడియో గొంతులో గంటె గట్టు మీద కూర్చోగానే బంతి మొత్తం విరగబడి నవ్వింది. బీడీలు చేసే ఆడవాళ్లు విస్తర్లు కొట్టి మరీ నవ్వారు. మా అన్న పెళ్లికొడుకు బట్టల్లో సగం లేచి నావైపు చూశాడు. నేను వైర్లు సరిచూస్తున్నట్టు కిందికి వంగాను. పెద్దమ్మ ముఖం చూస్తే ఎన్నో నెలల నిద్ర ఒక్కసారే వచ్చినట్టుంది. అంతలో తాత మళ్లీ అడుగేశాడు, ఆమె ఎరగని గొంతొకటి లేచింది:

గంటెను అంటరు, గంటెదేం తప్పు
బొక్కలు ముందుగనె బయలెల్లిపాయె
లింగంపేట వదినె సంచి ఇప్పి సూడుండ్రి
గిన్నెకు మూతెట్టి గమ్మున కూసుండె

ఇప్పుడు అటు వరస విరగబడింది. పెద్దమ్మ చెయ్యి విస్తరి మీద ఆగింది. వియ్యపురాలిని చూసింది, తర్వాత నన్ను చూసింది. సొంత చెల్లెలి కొడుకు చేసిన ద్రోహం ఎంత పెద్దదో ఆ చూపులో కొలత ఉంది. హాలంతా ఆమె ఏమంటుందోనని చూస్తోంది. బావ మెల్లగా సౌండ్ తగ్గించాడు.

"బామ్మర్దీ, బండి తాళంచెవి నీ దగ్గరనే ఉన్నదా?"

"ఆపకు!" పెద్దమ్మ చిరిగిన గొంతు ఇక్కడిదాకా వచ్చింది. "ఇంకోపారి పెట్టు. మూడో మాట నవ్వులల్ల ఇనవడలే."

పెట్టాను. తల ఊపుతూ విన్నది. మళ్లీ పెట్టమన్నది. మూడోసారికి తనను తిట్టిన పాటను తనే గాలి గొంతుతో అందుకుంది, సంచి మాట రాగానే పక్కనున్న సంచి ఎత్తి నోరు తెరిచి రెండు వరసలకూ చూపించింది.

"సూడుండ్రమ్మా, గిన్నె లేదు!"

"లేకపోతె ఎట్ల వదినె?" వియ్యపురాలు అటునుంచి లేచింది. వడ్డించేవాడి చేతిలోంచి గంటె లాక్కుని, కూర గిన్నెలో అడుగుదాకా ముంచి, బొక్కలన్నీ ఏరి తెచ్చి పెద్దమ్మ విస్తట్లో గుట్టగా పోసింది.

పెద్దమ్మ ఒక బొక్క నోట్లో పెట్టుకుంది. నమలడం మధ్యలోనే కళ్లు మెరిశాయి. నన్ను చేత్తో పిలిచి, "మైకు తే కొడుకా, రెండు మాటలొచ్చినయి" అన్నది, అన్నం నోటితోనే.

"తిని పాడు వదినె" అన్నది వియ్యపురాలు, ఆమె పక్కనే కూలబడి. "నేనేడికి పోత?"